క్రెయాన్‌కూ తన వంతు

చిరంజీవికి,

ఆశీస్సులు. ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ ‘యాంటిగని’ని పట్టుకుని నువ్వు రాసిన నాటకం రెండుసార్లు చదివాను. యాంటిగని మాటలు బాగా పలికాయి. ఆమెకి శిక్ష వేసే రాజు క్రెయాన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నువ్వు కలం దించి కర్ర పట్టుకున్నావు. వస్తూనే పళ్లు నూరుతాడు, రెండో రంగంలో బల్ల గుద్దుతాడు. ఇలాంటివాడు కూలిపోతే జనం చప్పట్లు కొడతారు గాని జాలిపడరు.

ముందు యాంటిగని మీరిన ఆ ఉత్తర్వు సంగతి చూడు. ఆమె అన్నదమ్ముల్లో ఎటియోక్లీస్ తమ ఊరు థీబ్స్‌ను కాపాడుతూ చనిపోయాడు. పోలినైసీస్ పరాయి సైన్యాన్ని వెంటేసుకుని సొంత ఊరి మీదికి వచ్చి చనిపోయాడు. ఆ యుద్ధం ముగిసీ ముగియకముందే క్రెయాన్ చేతికి ఊరు వచ్చింది, పోలినైసీస్ శవాన్ని ఎవరూ పాతిపెట్టకూడదన్నాడు. ద్రోహిని తమ నేలలో పాతిపెట్టనివ్వని చట్టం ఏథెన్సుకీ ఉండేది. కాబట్టి అక్కడ కూర్చున్న ప్రేక్షకుడికి ఈ ఉత్తర్వు మరీ వింతేమీ కాదు. ఏథెన్సులో శవాన్ని పొలిమేర దాటించి పూడ్చుకోవచ్చు. క్రెయాన్ కుక్కలకీ గద్దలకీ వదిలేయమన్నాడు, పైగా కాపలా పెట్టాడు. అతను తప్పింది అక్కడ. నువ్వు మొదటి మాటనుంచే తప్పుడు మనిషిగా చూపించావు గనక అతను ఎక్కడ జారాడో కనబడే వీల్లేకుండా పోయింది.

క్రెయాన్‌కీ, యాంటిగనిని పెళ్లాడాల్సిన అతని కొడుకు హైమోన్‌కీ మధ్య రంగాన్ని పంక్తులు లెక్కపెట్టి చదువు. క్రెయాన్ వాదన 42 పంక్తులు, హైమోన్ జవాబు 41. మధ్యలో కోరస్, అంటే ఊరి పెద్దల బృందం, రెండు పంక్తుల్లో తండ్రి మాటా సబబేనంటుంది, తర్వాత కొడుకు మాటా సబబేనంటుంది. నీ నాటకంలో తండ్రికి ఆరు వాక్యాలు, కొడుక్కి పేజీన్నర! క్రెయాన్ చెప్పేది చిన్న విషయం కాదు: ఇంట్లోవాళ్లే మాట వినకపోతే ఊరు ఎందుకు వింటుంది, యుద్ధంలో వరస తప్పితే ఎవరు మిగులుతారు అని. అతని ప్రసంగాన్ని పేరు తీసేసి, కథ తెలియనివాళ్లకి చదివి వినిపించు. కనీసం సగందాకా తలూపాలి. ఊపకపోతే తిరగరాయి.

హైమోన్ కూడా తిడుతూ మొదలుపెట్టడు. నాన్నా, నేను నీవాణ్ణి అంటూ మొదలుపెడతాడు. వరదలో వంగిన చెట్టు కొమ్మలతో సహా నిలుస్తుంది, బిగుసుకున్నది వేళ్లతో లేచిపోతుంది అంటాడు. తెరచాప తాడు సడలించని పడవ సంగతీ ఎత్తుతాడు. అటుపైన ఒక్కో పంక్తి చొప్పున మాటకి మాట పెరుగుతుంది. ఇక్కడ తెలుగులో నీకో సౌకర్యం ఉంది. గ్రీకులో మీరు, నువ్వు అనే తేడా లేదు. నువ్వు హైమోన్ చేత ‘మీరు’ అనే అనిపించు. ‘తండ్రివి కాకపోయుంటే మతి పోయిందనేవాణ్ణి’ అనే చోట మాత్రం ‘నువ్వు’లోకి జారనీ. ఒక్కసారి చాలు.

ఇక యాంటిగని. ఆమెను మచ్చలేనిదిగా ఉంచాలని చెల్లెలు ఇస్మీనీ రంగాన్నే ఎత్తేశావు. మొదట వెనక్కి తగ్గిన చెల్లెలు తర్వాత వచ్చి నేనూ చేశాను, నేనూ చస్తానంటే, నువ్వు ముట్టని పనిని నీదనుకోకు, నా చావు చాలు అంటుంది అక్క. వినేవాళ్లకి చివుక్కుమంటుంది. ప్రేమించడానికే పుట్టానని అంతకుముందే అన్న మనిషి నోటి మాట అది! ఆ కరుకుదనం పోతే ఆమె పటంలో బొమ్మే. కాపలావాడినీ చూడు. ఆమెను పట్టిచ్చినందుకు బాధే, కానీ నా ప్రాణం దక్కింది, అది హాయి అని ఒప్పేసుకుంటాడు. వాడికి ఆ రెండూ ఉండనీ.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది చివరి భాగం. మూలం 1353 పంక్తులు. యాంటిగనిని బతికుండగానే గుహలో మూసేయడానికి 943వ పంక్తి దగ్గరే తీసుకెళ్లిపోతారు. మిగతా 410 పంక్తులూ ప్రధానంగా క్రెయాన్ పతనమే. దాన్ని నువ్వు ‘క్రెయాన్ ఆలస్యంగా వచ్చాడు’ అనే వాక్యంతో తేల్చేశావు. ఎందుకు ఆలస్యమైంది? క్రెయాన్ మనసు మెత్తబడ్డాక, ముందు పిల్లను గుహలోంచి విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అని కోరస్ వరస చెప్పింది. క్రెయాన్ సరేనన్నాడు. వెళ్లి వరస తిరగేశాడు. కుక్కలు పీకిన శవాన్ని కడిగించి, పచ్చికొమ్మలు విరిపించి దహనం చేయించి, మట్టి దిబ్బ ఎత్తుగా పోయించి, అప్పుడు గుహవైపు నడిచాడు. అక్కడికి చేరేసరికి ఆమె సన్నబట్ట ఉరికి వేలాడుతోంది, కొడుకు ఆమె నడుము పట్టుకుని ఏడుస్తున్నాడు. తప్పు దిద్దుకోవడానికి చేసిన పనే సమయాన్ని మింగేసింది. ఈ పనులన్నీ ఒక్కొక్కటిగా, తొందర లేకుండా రాయి. పచ్చికొమ్మలు వదలకు.

హైమోన్ తండ్రి మీద కత్తి దూసి, గురి తప్పి, అదే కత్తి మీద పడతాడు. తెలిసి కొట్టబోయి, ఆ పని జరగకుండానే పోవడం నాటకంలో అన్నిటికన్నా నాసిరకం అంటూ అరిస్టాటిల్ ఉదాహరణగా ఎత్తిచూపింది ఈ ఘట్టాన్నే. నాకు ఒప్పుదల లేదు. ఆ క్షణం కూడా తండ్రికి దక్కాల్సిన శిక్షలో భాగమే.

క్రెయాన్ భార్య యురిడిసీకి నువ్వు మూడు పేజీల శోకం రాశావు. కొట్టేయి. మూలంలో ఆమె మాట్లాడేది తొమ్మిది పంక్తులు. కొడుకు చావు పూర్తిగా విని, ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్లిపోతుంది. ఆ మౌనానికి కోరస్‌కే భయం వేస్తుంది.

కోరస్ చివర ఆరు పంక్తుల నీతి చెబుతుంది, నిజమే. నువ్వు ఇరవై చెప్పించావు. ముందు ఇస్మీనీ రంగం రాసి పంపు, గుహ సంగతి తర్వాత చూద్దాం.