స్కానర్ నిద్రలేవడం లేదు, వైరు పీకి గుచ్చుతున్నాం

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో మాకు మందుల దుకాణం ఉంది. బిల్లింగ్ లైనక్స్ ల్యాప్‌టాప్ మీదే. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని మా అబ్బాయి కరెంటు ఆదా చేసే ప్రోగ్రామ్ ఒకటి వేసి, అందులోని సెట్టింగులన్నీ ఆన్ చేశాడు. అప్పటినుంచి బార్‌కోడ్ స్కానర్ కాసేపు ఖాళీగా ఉంటే చాలు, తర్వాతి మందుకు మొదటి అంకెలు పడటం లేదు. వైరు పీకి గుచ్చితే మళ్లీ మామూలే. స్కానర్ పాడైందా?

జవాబు: పాడవలేదు. దానికి నిద్రలేవడం సరిగా చేతకాదు, అంతే. స్కానర్ స్థానంలో మౌస్, కీబోర్డు పెట్టి ఇదే ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో!

మీ స్కానర్ కంప్యూటర్‌కు తాను కీబోర్డునని చెప్పుకుంటుంది. కాబట్టి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, కీబోర్డు, మౌస్‌లదే. మీ అబ్బాయి చేసినట్టు ఆదా సెట్టింగును ఆటో అని పెడితే, రెండు సెకన్లు పని లేకపోగానే లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. మళ్లీ పని పడినప్పుడు పరికరమే కంప్యూటర్‌ను తట్టి లేపాలి. లేపగలనని కాగితం మీద ఒప్పుకుని, లేచేలోపు అంకెలు మింగేసే పరికరాలు బజారులో బోలెడు. కొన్ని మౌస్‌లు కదిపితే లేవవు, బటన్ నొక్కాల్సిందే. కెర్నెల్ రాసేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే తమంతట తాముగా, ఒక పోర్టును పలు పరికరాలకు పంచే హబ్‌లను నిద్రపుచ్చుతారు గానీ, మిగతావాటి విషయంలో చాలా వరకు ఆ నిర్ణయాన్ని ఆయా డ్రైవర్లకో మనకో వదిలేస్తారు. ఒక డ్రైవరుకు కరెంటు ఆదా నేర్పి, దాని కిందకు వచ్చే ప్రతి రకానికీ ఒక్క మీటతో వర్తింపజేయడం నా దృష్టిలో నిర్లక్ష్యం. ఒక్కో మోడల్‌నూ పరీక్షించి, లేచినవాటినే జాబితాలో చేర్చాలి. కొన్ని వేలిముద్ర రీడర్లకు ఇప్పటికే అలా చేశారు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది వైరు పీకి గుచ్చే మాట. రోజుకు ఎన్నిసార్లు వైరు పీకి గుచ్చుతున్నారు? కొత్త కీబోర్డు తగిలినట్టు కంప్యూటర్‌కు కబురందడం మీ కౌంటర్ దగ్గర మామూలైపోయింది. పెన్‌డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చి దాన్ని కీబోర్డులా నటింపజేయవచ్చని 2014లోనే పరిశోధకులు చేసి చూపించారు. దానికి బ్యాడ్‌యూఎస్‌బీ అని పేరు. అది గుచ్చగానే మీరు టైపు చేసినట్టే ఆదేశాలు ఇస్తుంది, యాంటీవైరస్ దాన్ని ఫైలుగా చూడనే చూడదు. రోగి తాలూకు మనిషి ఎవరో రిపోర్టు ప్రింట్ తీయమని పెన్‌డ్రైవ్ ఇస్తే, ఆ సందడిలో ఎవరు గమనిస్తారు? మీ బిల్లింగ్ యంత్రంలో అప్పుల ఖాతా ఉంది, బ్యాంకు లాగిన్ ఉంది. ఏ యూఎస్‌బీ పరికరాన్ని రానివ్వాలో నిర్ణయించే యూఎస్‌బీగార్డ్ అనే ప్రోగ్రామ్ వేసుకుని, మీ స్కానర్, మౌస్, ప్రింటర్ తప్ప కొత్తగా ఏది తగిలినా అనుమతి లేకుండా పనిచేయకుండా చేయండి. నియమాలు రాసేటప్పుడు మీ పరికరాలు తగిలించే ఉంచండి, లేకపోతే మీ కీబోర్డే ఆగిపోతుంది.

విజయవాడ గవర్నర్‌పేట నుంచి ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ కూడా నిద్ర గురించే రాశారు. కార్డ్ రీడర్‌లో కార్డు ఉండగా ల్యాప్‌టాప్ మూసి, కార్డు మార్చి తెరిచారట. రెండో కార్డులో ఫొటోలు చెడిపోయాయి. నిద్రలో పోర్టుకు కరెంటు పోయినా, లేచాక అదే రీడర్ కనిపిస్తే కెర్నెల్ పాత పనినే కొనసాగిస్తుంది. లోపల కార్డు మారిందని దానికి తెలియకపోవచ్చు. పాత కార్డు లెక్కలు కొత్త కార్డు మీద రాసేస్తుంది. అయ్యా, మూత వేసే ముందు కార్డును ఎజెక్ట్ చేయండి. వాళ్ల పెళ్లి మళ్లీ జరగదు.

ఇక స్కానర్ సంగతి. అన్ని పోర్టులకూ ఆటోసస్పెండ్, అంటే ఈ నిద్రపుచ్చడం, తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. అంత అవసరం లేదు. ఆ ప్రోగ్రామ్‌లోనే యూఎస్‌బీ జాబితా తెరిచి, స్కానర్ ఒక్కదానికి ఆదా ఆపేయండి. ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ మార్పు పోతుంది కాబట్టి, స్కానర్ తయారీదారు నంబరు, మోడల్ నంబరుతో ఒక యూడెవ్ నియమం (పరికరం తగలగానే లైనక్స్ ఏం చేయాలో చెప్పేది) రాసి, దాని పవర్ కంట్రోల్‌ను ఆన్ అని, అంటే నిద్రపుచ్చకుండా, ఉంచమని మీ అబ్బాయికి చెప్పండి.