అండమాన్‌లో తండ్రి వంశం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఓంగే, జరావా తెగలవారు చూడ్డానికి ఆఫ్రికావాళ్లలా ఉంటారు. నేరుగా అక్కడినుంచే వచ్చారని డీఎన్ఏలో తేలిందా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: తేలలేదు. వై క్రోమోజోమ్ ఇంటిపేరులా తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. దత్తత పోతే ఇంటిపేరు మారుతుంది, ఇది మారదు. దానిమీద వైఏపీ అనే చోట కొందరికి సుమారు 300 డీఎన్ఏ అక్షరాల (ఏ, టి, జి, సి) అదనపు ముక్క ఉంటుంది. ఆ చోటును పీసీఆర్ అనే పద్ధతితో లక్షల నకళ్లుగా పెంచి, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్‌లో నడిపిస్తే, ముక్క ఉన్నవారి గీత 455 అక్షరాల దగ్గర ఆగుతుంది. లేనివారిది చిన్నది కాబట్టి త్వరగా కిందికి జారి 150 దగ్గర తేలుతుంది. ఓంగే, జరావా పురుషులది పై గీత. ఆఫ్రికాలో విస్తారంగా ఉన్న ‘ఈ’ శాఖ (ఒకే మూలపురుషుడి నుంచి వచ్చిన తండ్రి వంశం) వారిదీ అదే. పొరపాటు పడేది ఇక్కడే! ఎం174 అనే ఇంకో గుర్తు చూడాలి. అక్కడ ‘టి’ బదులు ‘సి’ ఉంటే అది ‘డి’ శాఖ. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం 2003లో ఈ రెండు తెగల పురుషుల్లో చూసింది ‘డి’నే. ఈ శాఖ టిబెట్, జపాన్‌లలో ఎక్కువ. అలాగని టిబెట్ నుంచి వచ్చారనుకోవద్దు, ఆ కొమ్మలు విడిపోయి వేలాది తరాలైంది. మొత్తం జన్యువులు కలిపి చూసినా అండమాన్ వాసులు ఆఫ్రికావారికన్నా ఆసియావారికే దగ్గర. రంగు, జుట్టు చూసి చుట్టరికం కట్టకూడదు.

ప్రశ్న: అందరిదీ ఒకే శాఖ అంటే దీవికి వచ్చిన మగవాడు ఒక్కడేనా?
– ఓ ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: అలా చెప్పలేం. 1901 జనగణనలో ఓంగేలు 672 మంది, 2011లో 101 మంది. అంత చిన్న గుంపులో ఒకాయనకు అందరూ ఆడపిల్లలే పుడితే ఆయన వై అక్కడితో ఆగిపోతుంది. మిగతా డీఎన్ఏ మాత్రం కూతుళ్ల ద్వారా మనవలకు చేరుతుంది. ఇలా తరాల తరబడి జరిగితే, పది శాఖలతో మొదలైనా చివరికి ఒకటే మిగలొచ్చు. అందుకే తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏతో తల్లి వంశం కూడా చూడాలి. అక్కడ ఎం31, ఎం32 అని రెండు పాత శాఖలున్నాయి.

అక్కడి మరో తెగ గ్రేట్ అండమానీలది మరింత బాధాకరమైన చరిత్ర. 1858లో ఖైదీల స్థావరం వచ్చాక రోగాలు కమ్ముకుని, 1961 నాటికి 19 మందే మిగిలారు. బయటివారితో సంబంధాలు కలిసి తండ్రి వంశాలు ‘ఓ’, ‘ఎల్’ వంటివిగా మారాయి, తల్లి వంశం మాత్రం పాతదే నిలిచింది. నికోబార్ వాసులు వేరే, వారి మూలాలు ఆగ్నేయాసియావైపు.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో వైఏపీ పరీక్ష చేస్తే అమ్మాయిల నమూనాలోనూ గీత వస్తోంది. ఎందుకు?
– ఓ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అమ్మాయిలకు వై ఉండదు కాబట్టి గీత రాకూడదు. వచ్చిందంటే మగవాళ్ల డీఎన్ఏ కలిసింది. చేతి పొట్టు, మాట్లాడేటప్పుడు పడే తుంపర చాలు. నిన్నటి పీసీఆర్ తెరిచిన బల్లమీదే ఈరోజు మిశ్రమం కలిపినా ఇంతే. మిశ్రమం కలపడానికి, పీసీఆర్ అయ్యాక తెరవడానికి వేర్వేరు పిపెట్లు (ద్రావణం కొలిచి పోసే పరికరాలు), ఫిల్టర్ టిప్పులు వాడండి. ప్రతిసారీ ఒక గొట్టంలో డీఎన్ఏ బదులు నీళ్లే పోయండి. అందులోనూ గీత వస్తే ద్రావణాలే పాడయ్యాయి, పారబోయండి. మగవారి నమూనాలో అసలు గీతే రాకపోతే ‘ముక్క లేదు’ అని రాసేయకండి. లేనివారికి 150 గీత కనబడి తీరాలి. డీఎన్ఏ చివికిపోతే పొడుగాటి 455 గీతే ముందు మాయమవుతుంది.