టీవీ డెకరేషన్ పోటీల్లో జడ్జికి నచ్చిన గది చూసేవాళ్ళకి ఎందుకు నచ్చదు?

జడ్జి వావ్ అన్న గదిని చూసి ఇంట్లో మనం "ఇదేం గోలరా బాబూ" అంటాం, ఎందుకని అడిగారు కదా. నాకు అర్థమైనంతవరకు జడ్జి చూసేది ఐడియా, మనం చూసేది రేపు పొద్దున దీన్ని ఎవరు తుడవాలి అని.

బీబీసీలో 2019లో మొదలైన ఇంటీరియర్ డిజైన్ మాస్టర్స్ పోటీనే తీసుకోండి, గెలిస్తే వచ్చేది హోటల్, బార్ లాంటి కమర్షియల్ కాంట్రాక్ట్, మరి క్రీమ్ కలర్ గోడలేసి కూర్చుంటే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆస్ట్రేలియా షో ది బ్లాక్‌లో దీనికి రివర్స్, చివర్లో ఇల్లు వేలం వేస్తారు, రిజర్వ్ ధర (అంతకు తక్కువకి అమ్మకూడదని ముందే పెట్టుకున్న ధర) పైన వచ్చింది పోటీదారులకి, కాబట్టి కొనేవాడికి నచ్చేలా సేఫ్‌గా ఆడతారు, నాకైతే గదులన్నీ ఒకేలా అనిపిస్తాయి.

బ్రిటన్‌లో 1996 నుంచి 2004 దాకా వచ్చిన చేంజింగ్ రూమ్స్ ఇంకో రకం, పోటీ కాదు గానీ పక్కపక్కవాళ్ళు ఇళ్ళు మార్చుకుని రెండు రోజుల్లో, సుమారు 500 పౌండ్లతో, ఎండీఎఫ్ చెక్కలతో (చెక్క పీచుని నొక్కి చేసే బోర్డులు) గది మార్చేసేవాళ్ళు. ఒక ఎపిసోడ్‌లో వేలాడే షెల్ఫ్ మీద ఆ ఇంటావిడ దాచుకున్న పాత టీపాట్లు సర్దారు, షెల్ఫ్ కాస్తా కూలి చాలావరకు ముక్కలైపోయాయి, జనం ఇప్పటికీ ఆ షో పేరు చెబితే అదే తలుచుకుంటారు.

ఓపెన్ షెల్ఫ్ ట్రెండ్ చూసి నేనూ కిచెన్‌లో పెట్టించా, రోజూ తాలింపు పెట్టే ఇంట్లో! నెలకే డబ్బాలన్నీ జిడ్డు, చివరికి కార్పెంటర్‌ని పిలిచి తలుపులు పెట్టించాం.