టెక్ సందేహాలు: ఆర్‌ఎం కొట్టే ముందు ఎల్‌ఎస్ కొట్టండి

అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేస్తున్నాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. నిన్న ‘పెళ్లి పాతవి’ అనే ఫోల్డరును టెర్మినల్‌లో ఆర్‌ఎం కమాండుతో తీసేయబోయాను. అది అలాగే ఉంది, పక్కనున్న ‘పెళ్లి’ ఫోల్డరు మాయమైంది! ట్రాష్‌లోనూ లేదు. మా అక్క పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. తిరిగి వస్తాయా?
– ఒక విద్యార్థిని, ఎస్సార్ నగర్

ముందు ఆ ల్యాప్‌టాప్ ఆపేయండి. మిగతాది ఫోనులో చదువుకోవచ్చు.

ఆర్‌ఎం ట్రాష్ జోలికి వెళ్లదు. ఫైలు పేరును డైరెక్టరీలోంచి కొట్టేసి, అది ఉన్న చోటు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. ఫొటోల డేటా డిస్కు మీద ఇంకా ఉండవచ్చు. కానీ మీరు బ్రౌజర్ తెరిచినా, అప్‌డేట్ దించుకున్నా ఆ ఖాళీలో కొత్త డేటా వచ్చి కూర్చుంటుంది. డిస్కు ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్‌లతో చేసిన రకం) అయితే తొందర మరింత అవసరం. ఖాళీ అయిన చోట్లను డిస్కుకు తెలియజేసే ట్రిమ్ అనే పనిని ఉబుంటు వారానికోసారి తనంతట తానే చేస్తుంది. అది జరిగిపోతే ఆశ దాదాపు వదులుకోవలసిందే.

ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్‌ను బూట్ చేసి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. దొరికినవాటిని మరో డిస్కులోకే తీసుకోవాలి. పాత పేర్లు, ఫోల్డర్లు రావు, ఫొటోలు మాత్రం రావచ్చు. చేయి తిరగకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలున్నాయి. డేటా రికవరీకి ఎంత తీసుకుంటారో, ఏమీ రాకపోతే ఎంత ఇవ్వాలో ముందే అడగండి. అన్నట్టు, వీటన్నిటికంటే ముందు ఆ పెళ్లికి ఫొటోలు తీసినాయనకు ఫోన్ చేయండి. ఆయన హార్డ్ డిస్కులో ఇంకా ఉండి ఉంటే ఈ తిప్పలేవీ అక్కర్లేదు.

ఇక, తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. మీరు కొట్టింది ఆర్‌ఎం, హైఫన్ ఆర్ (ఫోల్డరును లోపలివాటితో సహా తీసేయమని), పెళ్లి, పాతవి. మీ దృష్టిలో చివరి రెండూ కలిసి ఒకే పేరు. ఆ లైనును ముందుగా చదివేది మాత్రం ఆర్‌ఎం కాదు, మనం కొట్టిన కమాండులను అందుకుని నడిపించే షెల్ అనే ప్రోగ్రామ్. అది మాటల మధ్య ఖాళీ కనిపించిన ప్రతిచోటా కోస్తుంది. ఆర్‌ఎం చేతికి అందినవి రెండు పేర్లు: ‘పెళ్లి’, ‘పాతవి’. మొదటిది ఉంది కాబట్టి తీసేసింది. రెండోది లేదని ఒక లైను గొణిగి ఉంటుంది. హైఫన్ ఎఫ్ కూడా జోడించి ఉంటే ఆ గొణుగుడు కూడా వినిపించదు. తెలుగు పేరు పెట్టడంలో దోషమేమీ లేదు. పేరు మొత్తాన్ని కోట్స్‌లో పెడితే సరిపోయేది. లేదా రెండక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కాలి. షెల్ ‘పెళ్లి’ దాకా పూరించి ఆగుతుంది. మళ్లీ నొక్కితే రెండు ఫోల్డర్లనూ చూపిస్తుంది. అలా ఆగినప్పుడు చేయి కూడా ఆగాలి.

‘ఏ పేరైనా సరే’ అని చెప్పే స్టార్ గుర్తుతోనూ ఇదే తంటా. ఏళ్ల క్రితం మాదాపూర్‌లో ఉద్యోగం చేసేటప్పుడు, లాగ్ ఫైళ్లు తీసేద్దామని ఆర్‌ఎం తర్వాత స్టార్, డాట్ లాగ్ కొట్టాను. స్టార్‌కూ డాట్‌కూ మధ్య పొరపాటున ఒక ఖాళీ పడింది. ‘డాట్ లాగ్ అనే ఫైలు లేదు’ అని తెర మీద వచ్చింది. నిజమే, అప్పటికి ఆ ఫోల్డరులో కనిపించే ఫైలంటూ ఒక్కటీ లేదు! ఆ రోజు నుంచి నాకొక అలవాటు. ముందు అదే లైనును, ఫైళ్ల పేర్లు చూపించి ఊరుకునే ఎల్‌ఎస్‌ కమాండుతో కొడతాను. పోబోయేవేమిటో కళ్లతో చూసుకున్నాక పై బాణం మీట నొక్కి, ఎల్‌ఎస్‌ను ఆర్‌ఎంగా మారుస్తాను.

ప్రతి ఫైలుకూ ‘తీసేయనా?’ అని అడిగే చిన్న ఐ ఆప్షన్ నాకు నచ్చదు. పది ఫైళ్లకు వై కొట్టాక పదకొండోది ఎవరూ చదవరు. పెద్ద ఐ మేలు: మూడు కంటే ఎక్కువ ఫైళ్లున్నా, ఫోల్డరు మొత్తం తీసేస్తున్నా ఒక్కసారే అడుగుతుంది. ఇంటి ల్యాప్‌టాప్‌లో అయితే ఆర్‌ఎం బదులు జియో ట్రాష్ అనే కమాండు వాడండి. ఫోను కంపెనీతో సంబంధం లేదు, స్పెల్లింగు జీ, ఐ, ఓ. ఇది ట్రాష్‌లోకే పంపుతుంది.

ఆఫీసులో సర్వర్లు నాకు అప్పగించారు. ఆర్‌ఎం కొట్టాలంటే చేయి వణుకుతోంది. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక ఉద్యోగి, గచ్చిబౌలి

ఆ వణుకును పోగొట్టుకోకండి. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని, అసలు సర్వర్‌లోని డేటా ఫోల్డరును తీసేయడం మొదలుపెట్టారు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపినా, సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌లు పనిచేయడం లేదన్న సంగతీ అప్పుడే బయటపడింది. దాదాపు ఆరు గంటల ముందు తీసి ఉన్న కాపీ ఒకటి వారిని ఆదుకుంది. అందుకే కమాండు కంటే ముందు దాని ఎడమవైపున్న సర్వర్ పేరు చదవండి. అసలు సర్వర్లలో ఆ పేరు కనిపించే ప్రాంప్టుకు ఎర్ర రంగు వేసుకోండి.

కమాండులను వరుసగా రాసిపెట్టుకునే స్క్రిప్టుల్లో ప్రమాదం వేరు. 2015లో లినక్స్‌లోని స్టీమ్ అనే గేమ్స్ ప్రోగ్రామ్ స్క్రిప్టులో ఫోల్డరు చిరునామా ఉండాల్సిన వేరియబుల్ (విలువను పట్టి ఉంచే పేరు) ఖాళీగా మిగిలిపోవడంతో, ఆ లైను స్లాష్ స్టార్‌గా, అంటే ‘అన్నిటికీ పైనున్న ఫోల్డరులోని ప్రతిదీ’ అని మారి వినియోగదారుల సొంత ఫైళ్లు పోయాయి. స్లాష్ ఒక్కటే ఇస్తే లినక్స్‌లోని ఆర్‌ఎం ఒప్పుకోదు. స్లాష్ స్టార్ ఇస్తే, దాన్ని షెల్ ముందే విడివిడి ఫోల్డర్లుగా విడగొట్టి అందిస్తుంది కాబట్టి ఆ కాపలా పనిచేయదు. వేరియబుల్‌ను మీసాల బ్రాకెట్లలో పెట్టి, పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం చేర్చండి. అది ఖాళీగా ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది.

విండోస్ కమాండ్ ప్రాంప్టులో డెల్ కొడితే రీసైకిల్ బిన్‌కు వెళ్తుందా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

వెళ్లదు. పవర్‌షెల్‌లో రిమూవ్ ఐటమ్ కమాండు చివర హైఫన్ వాట్‌ఇఫ్ చేర్చి చూడండి. ఏమేమి తీసేస్తుందో చెబుతుందే గానీ తీసేయదు. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడుతుంటే ఒక్క మాట: అందులో ఎంఎన్‌టీ కింద కనిపించే సీ ఫోల్డరు మీ అసలు సీ డ్రైవే.