స్మాష్ బ్రదర్స్ మెలీలో ట్రోఫీలన్నీ సంపాదించడం ఎలా?

"250 దాటాక లాటరీలో ఎన్ని కాయిన్లు వేసినా పాతవే వస్తున్నాయి. 293 ట్రోఫీలూ నిజంగా వస్తాయా?" అని మీరు అడిగారు. (తెలియనివాళ్లకు: మెలీ నింటెండో గేమ్‌క్యూబ్‌లో వచ్చిన ఫైటింగ్ గేమ్. ట్రోఫీలంటే ఆడుతూ పోగుచేసే బొమ్మలు, లాటరీ అంటే ఆటలో వచ్చే కాయిన్లు వేసి ఆ బొమ్మలు తెచ్చుకునే చోటు.) ముందు రెండో ప్రశ్నకు జవాబు: రావు. అమెరికా వెర్షన్‌లో మామూలుగా ఆడి తెచ్చుకోగలిగినవి 290. మిగిలిన మూడింటిలో టమాగాన్ అనే బొమ్మ జపాన్ వెర్షన్‌కే పరిమితం. హెల్మెట్ తీసిన సామస్, మారియో యోషి జంట బొమ్మలను జపాన్‌లో ప్రత్యేక కార్యక్రమాల్లో ఇచ్చారు. కాబట్టి 290 చేరితే ఆట మొత్తం పూర్తిచేసినట్టే లెక్క. అందులో మీకు సందేహం అక్కర్లేదు.

అమెరికాలో ఎం.ఎస్. చేసేటప్పుడు రూమ్మేట్లతో కలిసి సెకండ్ హ్యాండ్ గేమ్‌క్యూబ్ మీద ఈ పని పూర్తిచేశాను. ఆ అనుభవంతో చెప్పేదేమిటంటే, లాటరీని చివరికి వదిలేయండి. అందులో ఒక్కసారికి 20 కాయిన్ల దాకా వేయొచ్చు, ఎక్కువ వేసేకొద్దీ కొత్త ట్రోఫీ వచ్చే అవకాశం పెరుగుతుంది. అయితే అన్ని ట్రోఫీలూ మొదటి నుంచీ లాటరీలో ఉండవు. దాచిన క్యారెక్టర్లందరూ బయటికి రావడం లాంటి కొన్ని పనులు పూర్తయ్యాకే కొత్త బొమ్మలు అందులో చేరతాయి. అందుకే కాయిన్లు కూడబెట్టి, మిగతా పనులన్నీ అయ్యాక 20 చొప్పున వేయండి. ఒక్కో కాయిన్ వేస్తూ కూర్చుంటే విసుగు తప్ప ఏమీ మిగలదు.

అసలు బరువంతా క్యారెక్టర్ల ట్రోఫీలదే. మొత్తం 25 మంది. ఒక్కొక్కరికి మూడేసి, ఒంటరిగా ఆడే మూడు మోడ్‌లకు ఒక్కోటి చొప్పున: క్లాసిక్ పూర్తిచేస్తే ఒకటి, అడ్వెంచర్ పూర్తిచేస్తే రెండోది, ఆల్-స్టార్ పూర్తిచేస్తే మూడోది. అంటే 75కు తక్కువ కాదు. వీటికి కష్టమైన లెవెల్ పెట్టుకోవాల్సిన పని లేదు, వెరీ ఈజీలో గెలిచినా ఇస్తారు. దారిలో కాయిన్లు వస్తాయి, క్లాసిక్ మధ్యలో వచ్చే ట్రోఫీలు పట్టే లెవెల్‌లో ఇంకొన్ని బొమ్మలు దొరుకుతాయి, అడ్వెంచర్ లెవెల్స్‌లోనూ అక్కడక్కడా ప్రత్యక్షమవుతాయి. లాటరీలో పోసే కాయిన్లు కూడా ఇలాగే పోగవుతాయి కాబట్టి ఈ పని ముందు మొదలుపెట్టడం అన్నివిధాలా లాభం.

ఆల్-స్టార్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అందరూ అన్‌లాక్ అయితే గానీ అది తెరుచుకోదు. ఒకే ప్రాణం, తిన్న దెబ్బలు తర్వాతి పోటీకి కూడా మీతోనే వస్తాయి. మధ్యలో ఆగే గదిలో డ్యామేజ్ తగ్గించే మూడు హార్ట్ కంటైనర్లు ఉంటాయి, మొత్తం ఆటకు అవే. డ్యామేజ్ వంద శాతం దాటేదాకా మొదటిది ముట్టుకోకండి. ముగ్గురు ముగ్గురుగా మీదపడే చివరి పోటీల కోసం కనీసం ఒకటి దాచుకోండి. ఆఖరున మిస్టర్ గేమ్ అండ్ వాచ్ అనే క్యారెక్టర్ గుంపుగా వస్తాడు, అక్కడికి తక్కువ డ్యామేజ్‌తో చేరితే గెలిచినట్టే. చేతికి అలవాటు లేని క్యారెక్టర్లతో ఆడాల్సి రావడం మొదట చికాకుగా ఉంటుంది. కానీ ఎప్పుడూ మార్త్‌తోనే ఆడే నాకు, ఐస్ క్లైంబర్స్ ఎంత తెలివిగా తయారుచేసిన జంటో తెలిసింది ఇక్కడే. ట్రోఫీల వేటలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, దాన్ని తొందరపడి ముగించకండి.

దాచిన క్యారెక్టర్లలో ఒకడైన మ్యూటూ బయటికి రావాలంటే మల్టీప్లేయర్‌లో 20 గంటల ఆట కావాలి, లేదా 700 పోటీలు. ఆటగాళ్ల సమయాలను కలిపి లెక్కిస్తారు కాబట్టి నలుగురు ఆడితే అయిదు గంటల్లో అయిపోతుంది. నాలుగు కంట్రోలర్లు పెట్టి ఆటను అలాగే వదిలేసేవాళ్లున్నారు. నేనైతే శనివారం రాత్రి నలుగురిని పోగుచేసి ఆడమంటాను.

ఈవెంట్లనే 51 ప్రత్యేక సవాళ్లలో చివరిది, గానన్‌డార్ఫ్, మ్యూటూ, గిగా బౌజర్ ముగ్గురూ కలిసి వచ్చేది, నిజంగా కష్టం. అంచున నిలబడి, వాళ్లను ఒక్కొక్కరిగా బయటికి రప్పించి కొట్టండి. మధ్యలోకి వెళ్లి ముగ్గురికీ చిక్కకండి. కెప్టెన్ ఒలిమార్ ట్రోఫీకి చాలా తేలిక దారి ఉంది: మెమరీ కార్డులో పిక్‌మిన్ సేవ్ ఫైల్ ఉంటే చాలు. ఆ ఆట ఉన్న స్నేహితుడి ఇంటికి మీ కార్డు తీసుకెళ్లండి.

అందరూ ఆగిపోయేది డిస్క్‌కున్ అనే ట్రోఫీ దగ్గర. బోనస్ రికార్డుల్లో ఉన్న బోనస్‌లన్నీ కనీసం ఒక్కోసారి సంపాదిస్తేనే ఆ పసుపు పచ్చ బొమ్మ వస్తుంది, అవేమో 250కి దగ్గరగా ఉన్నాయి. ఇది పట్టుదల కంటే పద్ధతికి లొంగుతుంది. డేటా మెనూలో ఆ పట్టిక తెరిచి, ఖాళీగా ఉన్నవాటిని కాగితం మీద రాసుకోండి. కొన్ని ఒంటరి ఆటలోనే వస్తాయి. మిగిలినవాటి కోసం నలుగురి ఆటలో రూల్స్‌ను బోనస్ మోడ్‌కి మార్చి, స్నేహితుల సాయం తీసుకోండి. ఎవరినీ కొట్టకుండా, ఎవరి దెబ్బా తినకుండా పోటీ ముగించాలనే బోనస్ లాంటివి ఒప్పందం కుదిరితే నిమిషాల్లో అయిపోతాయి, ఒప్పందం లేకపోతే నెలలు పట్టినా రావు. మా రూమ్‌లో ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉండేది, ఎవరు ఆడుతున్నా ఒకటి కొట్టేయడానికి ప్రయత్నించేవాళ్లు.

ఇంకొక్క మాట. కొత్త ట్రోఫీ వచ్చిన ప్రతిసారీ దాని కింద రాసిన నాలుగు వాక్యాలూ చదవండి, బొమ్మను తిప్పి చూడండి. 2001లో ఈ ఆట దర్శకుడు సకురాయ్ బృందం, నింటెండో పాత కన్సోల్ ఫామికామ్ కాలం నుంచి వచ్చిన ఆటలెన్నింటినో ఇందులో మ్యూజియంలా పేర్చింది. నేను అప్పటికి పేరు కూడా వినని ఎన్నో ఆటల గురించి తెలుసుకున్నది ఆ బొమ్మల ద్వారానే, తర్వాత వాటిలో కొన్నింటిని వెతికి ఆడాను కూడా.

మీకు మిగిలిన నలభై పేర్లు కష్టపడి వెతకాల్సిన పని లేదు. గ్యాలరీలో ఉన్నవాటిని చూసి, ఏ క్యారెక్టర్‌కి మూడూ రాలేదో, ఏ బోనస్‌లు ఖాళీగా ఉన్నాయో కింద రాయండి. ఏది ముందు మొదలుపెట్టాలో విడివిడిగా చెబుతాను.