72 ఏళ్ల మనిషి అపెండిక్స్ ఆపరేషన్ తట్టుకోగలడా? మా ఇంట్లో ముగ్గురికి జరిగింది చెప్తాను

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఒంగోలులో ఉన్న మీ నాన్నగారికి 72 ఏళ్లు, షుగరూ బీపీ ఉన్నాయి. నిన్న సాయంత్రం నుంచి కడుపునొప్పి. స్కాన్‌లో అపెండిక్స్ వాచిందని తేలింది, డాక్టరు ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. మీ బాబాయిలేమో "ఈ వయసులో కోతలు వద్దు, మందులతో తగ్గించమనండి" అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదని రాశారు.

డాక్టరు మాట వినండి, ఈ రాత్రికే. మిగతాది ఆస్పత్రి వరండాలో కూర్చుని చదువుకోవచ్చు.

నేను డాక్టర్ని కాను. మాది కావలి దగ్గర పల్లెటూరు. పాతకాలం వాళ్లు ఇరవై నాలుగు గంటల నొప్పి అనే ఈ జబ్బు మా ఇంట్లో మూడు వయసుల వాళ్లకి వచ్చింది. నాకు 21 ఏళ్లప్పుడు, మా మేనల్లుడికి నాలుగేళ్లప్పుడు, మా నాయనకి 71వ ఏట. మూడుసార్లూ ఆస్పత్రిలో పక్కన మంచం మీదో, ఆ మంచం మీదే రోగిగానో నేను ఉన్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

నాది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. హాస్టల్లో రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలై, తెల్లారేసరికి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. కాలు చాపలేకపోయాను. పుస్తకాల్లో ఎట్టా రాసుందో అట్టాగే వచ్చింది కాబట్టి డాక్టరు చెయ్యి పెట్టగానే చెప్పేశాడు. వెన్నులో మత్తిచ్చి కోశారు. నాలుగో రోజు ఇంటికి, పదిహేను రోజులకి కాలేజీకి. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది కూడా 10 నుంచి 30 ఏళ్ల మధ్యలోనే. ఆ వయసు వాళ్లు నొప్పిని దాచరు, దాచినా దాగదు.

మా నాయన విషయం అట్టా జరగలేదు. మీకు కావాల్సింది ఆయన కథే, అందుకే నిదానంగా చెప్తాను.

71 ఏళ్లొచ్చినా రాత్రిళ్లు రొయ్యల గుంట దగ్గరే కాపలా పడుకునేవాడు. పదిహేనేళ్లుగా షుగరు, గుండెకి ఎకోస్ప్రిన్ బిళ్ల. ఒక శనివారం రాత్రి అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు. "ఏందోరా, కడుపు ఉబ్బరంగా ఉండాది" అన్నాడు. అంతే, నొప్పి అనే మాటే ఎత్తలేదు. అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది. ఆదివారం ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అనుకుని సూది వేశాడు, దాంతో పాటు నొప్పి సూది కూడా. సాయంత్రానికి తేలికైందని గుంట కట్ట మీదికి పోయాడు. మేమంతా హమ్మయ్య అనుకున్నాం. ఆ సూదే మమ్మల్ని మోసం చేసిందని రెండు రోజుల తర్వాత తెలిసింది.

సోమవారం ఒక్కసారి వాంతి. జ్వరం లేదు. సాయంత్రానికి ఒళ్లు చల్లబడి, చాప మీద నుంచి లేవనన్నాడు. మంగళవారం పొద్దున్నే కావలి తీసుకుపోయాం. డాక్టరు కుడివైపు నొక్కుతుంటే "కొంచెం" అన్నాడు. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది. ఆ 'కొంచెం' వెనక పేగు చుట్టూ చీము నిండి ఉంది. మామూలు స్కాన్‌లో గ్యాస్ అడ్డమొచ్చి ఏమీ కనపడలేదు. నెల్లూరులో సీటీ తీస్తే అపెండిక్స్ పగిలిపోయి ఉంది. శనివారం రాత్రి నుంచి లెక్కేస్తే అప్పటికి 60 గంటలు దాటింది.

ఆపరేషన్ చేసిన సర్జన్ తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. వయసు మీద పడేకొద్దీ అపెండిక్స్‌కి రక్తం తెచ్చే నాళం సన్నబడుతుంది, గోడ పల్చబడుతుంది, కాబట్టి వాచాక పగలడానికి ఎక్కువసేపు పట్టదు. అదే సమయంలో ఒంట్లో జ్వరం, తెల్లకణాలు పెరగడం లాంటి హెచ్చరికలు మందగిస్తాయి. షుగరు ముదిరితే నరాలు కూడా మొద్దుబారి నొప్పి సరిగా తెలియదు. అంటే లోపల నిప్పు తొందరగా అంటుకుంటుంది, పొగ మాత్రం ఆలస్యంగా వస్తుంది. ముసలివాళ్లలో చాలామంది పగిలాకే ఆస్పత్రికి వస్తారని ఆయన అన్నది మా విషయంలో అక్షరాలా నిజమైంది.

పొట్ట మధ్యలో నిలువుగా కోసి, చీమంతా కడిగి, పైపు పెట్టారు. రెండు రోజులు ఐసీయూలో, మొత్తం 11 రోజులు ఆస్పత్రిలో. ఇంటికొచ్చాక కుట్టు కింది భాగం విచ్చుకుంది, షుగరు వల్ల మానలేదు. నెలన్నర రోజూ డ్రెస్సింగ్. మళ్లీ గుంట కట్ట మీద నడవడానికి మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు మా మేనల్లుడు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండక్కి తీసుకుపోయి వచ్చిన మర్నాడు వాంతులు, విరేచనాలు. బయట తిండి పడలేదని అందరం అదే అనుకున్నాం. నాలుగేళ్ల బిడ్డ కడుపు మొత్తం చూపించి "నొప్పి" అంటాడే గానీ ఎక్కడో చెప్పలేడు. రెండు రోజులు ఓఆర్‌ఎస్ తాపించాం. మూడో రోజు వాడు ముందుకి వంగి, కుడికాలు ఈడుస్తూ నడుస్తుంటే మా చెల్లెలికి అనుమానమొచ్చింది. అప్పటికే పగిలింది. పిల్లల్లో పేగుల మీద దుప్పటిలా ఉండే కొవ్వు పొర ఇంకా ఎదిగి ఉండదట. పెద్దవాళ్లలో అది పోయి పగిలిన చోటుని చుట్టేసి చీముని ఆపుతుంది, చిన్నపిల్లల్లో ఆపలేక కడుపంతా పాకుతుంది. అందుకే అయిదేళ్లలోపు పిల్లల్లో కూడా పగిలాక బయటపడే కేసులే ఎక్కువ. చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు. వాడు ఆరో రోజు ఇంటికొచ్చి, పన్నెండో రోజుకి మూడు చక్రాల సైకిలెక్కాడు.

ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి నేను చాలాసార్లు ఆలోచించాను. ఇద్దరికీ దాదాపు అంతే ఆలస్యం, ఇద్దరికీ పగిలింది. ఒకరికి పన్నెండు రోజులు, ఇంకొకరికి మూడు నెలలు. ఆలస్యం ఎవరికైనా చేటే, ఆ చేటుకి ఎంత మూల్యం కట్టాలన్నది మాత్రం వయసుని బట్టి ఉంటుంది. మీ బాబాయిలు వయసుని చూసి ఆగమంటున్నారు. నేను అదే వయసుని చూసి ఆగొద్దంటున్నాను. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారికి ఇంకా పగలలేదు, ఇవాళ ఆయనకున్న అదృష్టం అదే. పగలని అపెండిక్స్ తీయించుకున్న కుర్రవాళ్లలో ప్రాణాపాయం నూటికి ఒకటికన్నా బాగా తక్కువ. పెద్ద వయసులో, అందులోనూ పగిలాక చేస్తే, నూటికి కొందరిని పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది. మన చేతిలో ఉన్నది ఆ పగలకముందు సమయమొక్కటే.

మందులతోనే తగ్గించొచ్చన్న మాట పూర్తిగా ఉత్తది కాదు. యాంటీబయాటిక్స్‌తో చాలామందికి అప్పటికి తగ్గుతుంది. ఫిన్లాండ్‌లో 530 మంది మీద ఒక పెద్ద పరిశోధన చేశారు. మందులు మాత్రమే వాడినవాళ్లలో అయిదేళ్లలోపు నూటికి 39 మందికి మళ్లీ వచ్చింది. మీరు గమనించాల్సింది ఇంకొకటుంది. అందులో తీసుకున్నది 18 నుంచి 60 ఏళ్ల వాళ్లనే. సీటీలో అపెండిక్స్‌లో గట్టి రాయి లాంటిది కనపడినవాళ్లని, పగిలినట్టు తేలినవాళ్లని తీసుకోలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని 72 ఏళ్ల షుగరు మనిషికి అట్టాగే అంటగట్టడానికి లేదు. వాట్సాప్‌లో తిరిగే "ఆపరేషన్ అక్కర్లేదు" సందేశాల్లో ఈ ముక్క ఉండదు.

ఒక సందర్భంలో మాత్రం డాక్టర్లే ఆగమంటారు. నాలుగైదు రోజులు గడిచి, పేగులు చుట్టుకుని గడ్డ కట్టిందనుకోండి, అప్పుడు కోస్తే పేగు దెబ్బతింటుందని మందులిచ్చి, చీముంటే పైపుతో తీసి చల్లబరుస్తారు. 1902లో ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డుకి 60 ఏళ్ల వయసులో, జరగాల్సిన పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు చేసింది ఇట్టాంటిదే. చీము మాత్రం తీసి అపెండిక్స్ వదిలేశారు, ఆగస్టులో ఆయన కిరీటం పెట్టుకున్నాడు. మీ నాన్నగారిది ఒక్కరోజు నొప్పి, ఆ దారి ఆయనకి కాదు.

ఆపరేషన్‌లో ప్రమాదమే లేదని మీకు చెప్పను, అది అబద్ధమవుతుంది. ఆ వయసులో భయం కోతకన్నా గుండె, ఊపిరితిత్తులు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పుండు మానకపోవడం దగ్గరుంటుంది. అందుకే ముందు ఈసీజీ, వీలైతే ఎకో, కిడ్నీ పరీక్ష చేస్తారు. వాటికి గంటో రెండు గంటలో పడుతుంటే "ఆలస్యం చేస్తున్నారు" అని గొడవ పెట్టుకోవద్దు. వీలైతే లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్, చెయ్యమని అడగండి, పెద్దవాళ్లకి నొప్పి తక్కువై తొందరగా లేచి నడుస్తారు. పూర్తి మత్తు ఇవ్వకూడదని మత్తు డాక్టరు అంటే మాత్రం వాదించకండి, వెన్నులో మత్తిచ్చి చేసే పాత పద్ధతి కూడా మంచిదే. రక్తం పల్చబడే బిళ్ల ఏది వేసుకుంటున్నా, ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు ఆముదం తాపుదామంటారు, విరేచనం అయితే పోతుందని. దయచేసి ఒప్పుకోకండి, వాచిన పేగుని అది పగలగొట్టగలదు.

ఆపరేషన్ తర్వాత మర్నాడే లేపి నడిపిస్తారు. "అయ్యో, ముసలాయన్ని పడుకోనియ్యండి" అని మన బంధువులే అడ్డుపడతారు, మా అత్త అట్టాగే పడింది. పడుకోబెడితేనే ఊపిరితిత్తుల్లో కఫం చేరేది. మూడు బంతులుండే ఊపిరి పరికరం ఇస్తారు, దాంతో గాలి లోపలికి పీల్చాలి. గంటకోసారి మీరే గుర్తు చెయ్యాలి. షుగరు అదుపులో ఉంటే పుండు మానుతుంది, లేకపోతే మా నాయన లాగా నెలన్నర. తీసిన ముక్క బయాప్సీ రిపోర్టు అడిగి తెచ్చుకోండి. నలభై దాటినవాళ్లలో ఎప్పుడైనా పెద్దపేగు మొదట్లో కణితి అడ్డుపడి అపెండిక్స్ వాస్తుంది. మా నాయనకి అన్నీ మానాక కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, కూడా చేయించమన్నారు, చేయించాం, ఏమీ లేదని తేలింది.

ఇంకొకటి మాకెవరూ ముందుగా చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నాను. ఆపరేషనైన రెండో రాత్రి మా నాయన లేచి కూర్చుని సెలైన్ పీకేసి, "ఏరేటర్లు ఆగిపోయినాయి, రొయ్య చచ్చిపోద్ది, లెయ్" అని కేకలేశాడు. ఏరేటర్లంటే గుంట నీళ్లకి గాలి అందించే యంత్రాలు. నన్ను గుర్తుపట్టలేదు. ఆయన మతి పోయిందనుకుని నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను. పొద్దున నర్సమ్మ చెప్పింది, పెద్దవాళ్లకి పెద్ద జబ్బు చేసినప్పుడు, మత్తు తర్వాత ఇట్టా అవుతుంది, కొద్దిరోజుల్లో సర్దుకుంటుందని. మూడో రోజుకి సర్దుకుంది. తెలిసిన మొహం పక్కన ఉండటం, పగలూ రాత్రీ తేడా తెలిసేలా కిటికీ తెరిచి ఉంచటం మాకు బాగా పనిచేశాయి. మా నాయన కళ్లద్దాలు ఇంట్లోనే మర్చిపోయాం, అవి తెచ్చి పెట్టాకే నన్ను పేరు పెట్టి పిలిచాడు. బయల్దేరేటప్పుడు మీ నాన్నగారి కళ్లద్దాలు, మందుల చీటీ, పాత షుగరు రిపోర్టులు సంచిలో వేసుకోండి. ఇప్పటి నుంచి ఆయనకి అన్నం, మంచినీళ్లు డాక్టర్ని అడక్కుండా పెట్టకండి. ఆపరేషన్ అయ్యాక ఎట్టా ఉన్నారో వీలున్నప్పుడు ఇక్కడ ఒక మాట రాయండి, ఎదురుచూస్తుంటాను.