రొయ్యల గుంట పక్కన వరి చేను

నేల, నీరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే వచ్చాయి, అన్నీ భూమి గురించే. అందులో నాలుగు తీసుకున్నాను. రాసినవాళ్ళు పేర్లు వెయ్యొద్దన్నారు, ఊళ్ళ పేర్లు నేనే తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విడవలూరు మండలం. మూడెకరాల మాగాణి ఉంది. నాలుగేళ్ళ కిందట తూర్పు పక్క చేను రొయ్యలకు లీజుకిచ్చారు, పోయినేడు పడమర పక్క కూడా గుంటలు తవ్వేశారు. ఇప్పుడు గట్ల వెంబడి మా వరి ఆకుల కొసలు మాడిపోయి, నాటు ఎక్కడికక్కడ చచ్చిపోతోంది. వెళ్ళి అడిగితే "నువ్వు కూడా ఇచ్చెయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. మా నాన్న ససేమిరా అంటున్నాడు. నన్నేం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివాక నాకు మా చిన్నాన్న పొలం గుర్తొచ్చింది. 1990ల మొదట్లో మన సముద్రపొడ్డు ఊళ్ళన్నీ టైగర్ రొయ్య వెంట పడ్డప్పుడు ఆయన కూడా రెండెకరాలు ఇచ్చాడు. 1994 చివర్లో తెల్లమచ్చ జబ్బు వచ్చి గుంటలకు గుంటలు ఎత్తిపోయాయి, లీజుకు తీసుకున్నవాళ్ళు నీళ్ళకు గాలి కలిపే ఏరేటర్లు ఊడదీసుకుని వెళ్ళిపోయారు. మా చిన్నాన్నకు మిగిలింది రెండెకరాల గొయ్యి, అడుగున నల్లటి మడ్డి, పక్కన ఉప్పెక్కిన మంచినీళ్ళ బావి. ఎవర్ని అడగాలి? కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నీ చేనులో ఉప్పు ఎంతుందో తేల్చుకో. కళ్ళతో చూసి చెప్పింది ఏ ఆఫీసులోనూ నిలబడదు. గుంట గట్టు దగ్గర ఒకటి, చేను నడుమ ఒకటి, గుంటలకు దూరంగా మూడోది, ఇలా మూడు చోట్ల జానెడు లోతు వరకు మట్టి తీసి విడివిడిగా కట్టి భూసార పరీక్షకు పంపు. ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత, తప్పకుండా చూడమని చెప్పు. మట్టిని నీళ్ళతో పూర్తిగా తడిపి ఆ ఊటను కొలిచే పద్ధతిలో ఈసీ 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, అక్కడి నుంచి ఒక్కో పాయింటుకు దాదాపు 12 శాతం పోతుంది. మామూలు ల్యాబుల్లో ఒక పాలు మట్టికి రెండు రెండున్నర పాళ్ళు నీళ్ళు కలిపి కొలుస్తారు, అప్పుడు అంకె చిన్నదిగా వస్తుంది. కాబట్టి ఏ పద్ధతిలో కొలిచారో అడిగి రిపోర్టు మీదే రాయించుకో. ఇంకో సంగతి, మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ వానలకు ఉప్పు కొంత కిందికి దిగిపోతుంది, మళ్ళీ ఎండలకు పైకి వస్తుంది. సెప్టెంబరులో ఒకసారి, సంక్రాంతి అయ్యాక ఇంకోసారి తీయించు. వానల తర్వాత కూడా గట్టు పక్కది మాత్రమే ఎక్కువ చూపిస్తే ఊట గుంటలోంచే వస్తోందని చెప్పడానికి నీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే.

ఇక రూలు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, సాగుభూమిని, ఉప్పు మళ్ళను, మడ అడవులను, ఊరి ఉమ్మడి భూమిని రొయ్యల గుంటలుగా మార్చకూడదని. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, దాని కింద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ మాట ఉంది. సాగుభూమికీ గుంటకూ మధ్య నేల తీరును బట్టి 50 నుంచి 100 మీటర్లు, తాగునీటి వనరుకు కనీసం 100 మీటర్లు, 500 మందికి మించిన ఊరికైతే 300 మీటర్లు వదలాలన్నారు. వాననీళ్ళు పోయే సహజమైన కాలువకు అడ్డంగా గుంట వెయ్యకూడదు. మీ గట్టుకూ వాళ్ళ గుంటకూ మధ్య ఎన్ని మీటర్లుందో టేపు పెట్టి కొలిచి ఫోటో తీసి పెట్టుకో. ఆ గుంటలకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. కలెక్టర్ అధ్యక్షుడుగా జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, ఫిర్యాదు దానికే పెట్టాలి. ఒక్కడివే పెట్టొద్దు. మీ చేల నీళ్ళు పోయే మురుగు కాలువ మీద ఆధారపడ్డ రైతులందరి సంతకాలూ, నీటి సంఘం తీర్మానమూ జత చేస్తే ఆ కాగితం బరువే వేరు.

రొయ్యలవాళ్ళు మనకు శత్రువులు కాదు, ఇది మనసులో పెట్టుకో. వాళ్ళలో సగం మంది మొన్నటిదాకా వరి వేసి విసిగినవాళ్ళే, ఆ రొయ్యల మీద ప్లాంట్లలో తలలు తీసే ఆడవాళ్ళు ఎంతమంది బతుకుతున్నారో నాకు తెలుసు. నా బాధ గుంట ఉండటం మీద కాదు, అది ఎక్కడ ఉందన్న దాని మీద. క్రీకు (సముద్రపు పాయ) పక్కన ఎప్పటినుంచో ఉప్పుదేరి గడ్డి కూడా మొలవని నేలలున్నాయి, అక్కడ వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. సోమశిల నీళ్ళు పారి, నీళ్ళున్న ఏడు ఎడగారు అనే రెండో పంట కూడా పండే మాగాణి నడిబొడ్డున ఒక్క గుంట పడితే చుట్టూ ఉన్న ఆరుగురు రైతులు వాళ్ళు కోరకుండానే రొయ్యల వ్యాపారంలో ఇరుక్కుంటారు. ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తేస్తారు. నీకు ఇప్పుడు జరుగుతున్నది అదే. దీనికి మందు ఊరంతా కూర్చుని, ఏ సర్వే నంబరు నుంచి ఏ నంబరు దాకా వరి, ఎక్కడి నుంచి గుంటలు అని పటం మీద గీత గీసి గ్రామసభలో తీర్మానం చెయ్యడమే. ఉన్న గుంటలను ఆ తీర్మానం తియ్యలేదు, నిజమే, కానీ రేపు కొత్తగా అనుమతి అడిగినవాడి ఫైలులో అది అభ్యంతరంగా నిలబడుతుంది. మీ కాలువ ఎగువ ఊరి మీదుగా కూడా వస్తుంది కాబట్టి వాళ్ళను కూడా పిలవండి. మీరు వరికి ఉంచిన నేలకు ఎగువన పక్క పంచాయతీ వాళ్ళు గుంటలు పెట్టుకుంటే మీ గీతకు అర్థం ఉండదు.

మీ నాన్న మాట విను. ఇవ్వకు. ఒకవేళ ఎప్పుడైనా ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, గడువు తీరాక కట్టలు కొట్టేసి మడ్డి తీసి నేల చదును చేసి అప్పజెప్పాలని లీజులో రాయించు, ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించడం చట్టప్రకారం తప్పనిసరి. ఈలోగా గుంట వైపు గట్టు లోపల నడుము లోతు కందకం తీసి ఊటను మురుగు కాలువలోకి మళ్ళించు, మంచినీళ్ళు పెట్టి రెండు మూడుసార్లు కడుగు, జీలుగ చల్లి పూతకు ముందే దున్నెయ్. ఉప్పును తట్టుకునే రకం ఏది దొరుకుతుందో నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళను అడుగు, నెల్లూరు మసూరి ఇచ్చిన కేంద్రమే అది.

ప్రశ్న: అక్కా, మాది కనిగిరి వైపు. నేను డ్వాక్రా గ్రూపు లీడర్‌ని. మా చెరువు పైభాగమంతా జామాయిల్ వేశారు, చెరువు నిండి ఎన్నేళ్ళయిందో! బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోతున్నాయి, ఇంకా లోతుకు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు వస్తున్నాయి. పంచాయతీ ప్రణాళిక అని ప్రతి ఏడూ మీటింగు పెడతారు, సీసీ రోడ్లు తప్ప ఏమీ రాయరు. మేము ఏం రాయించాలి?

జవాబు: చెల్లీ, నీ ప్రశ్న ఊళ్ళో మగవాళ్ళందరికీ చదివి వినిపించు. పంచాయతీ పని రోడ్లు మాత్రమే అని ఎవరన్నారు? రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పజెప్పదగినవని 29 అంశాలు రాశారు, అందులో భూమి అభివృద్ధి, నేల సంరక్షణ, చిన్న నీటి వనరులు, వాటర్‌షెడ్, సామాజిక అడవులు అన్నీ ఉన్నాయి. వీటిని కూడా రాయమని మీరు అడగొచ్చు.

జామాయిల్ వేసినవాళ్ళను తిట్టే ముందు వాళ్ళెందుకు వేశారో చూడాలి. ప్రకాశంలో కంది, సజ్జ వేస్తే వాన మోసం చేస్తుంది, కూలీలు దొరకరు, జామాయిల్, సుబాబుల్ అయితే నాటి వదిలేస్తే నాలుగేళ్ళకు పేపరు మిల్లు కొంటుంది. ధర పడిపోయిన ఏళ్ళలో వాళ్ళు పడ్డ టెన్షన్ కూడా నాకు తెలుసు. కానీ చెరువులోకి నీళ్ళు దిగే వాలులో, వాగు ఒడ్డున ఒత్తుగా వేస్తే చెరువుకు రావాల్సిన నీళ్ళలో ఆ చెట్లు పెద్ద వాటా తాగేస్తాయి. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా జామాయిల్ నాటడాన్నే ఆపేసింది. మన దగ్గర అంత అవసరం లేదని నా అభిప్రాయం. వాగులకు రెండు పక్కలా, చెరువు నీళ్ళు నిలిచే హద్దు పైన కొంత మేర వదిలి, మిగతా చోట వేసుకోమంటే చాలు. ఆ వదిలిన చోట సీతాఫలమో, కానుగో, మేతగడ్డో పెంచుకోవచ్చు.

కంభం చెరువును చూడండి. విజయనగరం రోజుల్లో రెండు కొండల మధ్య సందులో గుండ్లకమ్మకు కట్ట వేశారు. కట్ట చూస్తే చిన్నదే, ఇన్ని వందల ఏళ్ళు దాన్ని బతికించింది మాత్రం దాని వెనక నీళ్ళను పంపే కొండలూ వాగులూ. మీ చెరువుకు కూడా కట్ట మీద మట్టి పోయించడం రెండో పని, మొదటి పని పైవాలు.

ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. సచివాలయం సర్వేయరు దగ్గర గ్రామ పటం నకలు తీసుకోండి. మంచి వాన పడుతున్న రోజే గొడుగులు వేసుకుని పదిమంది నడవండి, నీళ్ళు ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడ ఆగిపోతున్నాయో పెన్సిల్‌తో ఆ పటం మీదే గీయండి. ఎండలో తిరిగితే ఇది కనపడదు. పూడిన వాగు, మూసేసిన తూము, చెరువు పోరంబోకులోకి జరిగిన గట్టు, అన్నీ ఆ ఒక్క రోజులో తేలతాయి. ఆ తర్వాత బోర్ల సంగతి. ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో 2000ల్లో ఒక పథకం నడిచింది, రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం. రైతులు, అందులో చదువు లేనివాళ్ళు కూడా, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచి గోడ మీద రాశారు, వర్షమాపకం పెట్టుకున్నారు, రబీ ముందు అందరూ కూర్చుని ఈ ఏడు నేలలో ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంట ఎన్ని నీళ్ళు తాగుతుంది అని లెక్క వేసుకున్నారు. ఎవరినీ ఎవరూ బలవంతం చెయ్యలేదు, లెక్క చూశాక చాలామంది వాళ్ళంతట వాళ్ళే వరి మానుకుని ఆరుతడి పంటకు మారారు. మీ గ్రూపు ఈ కొలత పని తీసుకుంటే నాకు చాలా సంతోషం. పుస్తకాల లెక్కలు ఇన్నేళ్ళు తప్పు లేకుండా రాసిన చేతులు కదా మీవి.

ఫ్లోరైడ్ మాట. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు, వంటకు కూడా వద్దు. చెరువు నిండిన ఏడు దాని దిగువ బావుల్లో ఫ్లోరైడ్ తగ్గే అవకాశం ఉంది, కొత్త నీళ్ళు కలుస్తాయి కాబట్టి. అందుకని తాగునీటి బోరు చుట్టూ వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెప్పిన 250 మీటర్ల మేర అనుమతి లేకుండా ఎవరూ కొత్త బోరు వెయ్యకుండా చూడాలని ప్రణాళికలో రాయించండి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వచ్చేదాకా ఆగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉంటాను. ప్రకాశం పడమటి మండలంలో మాకు ఎనిమిదెకరాల మెట్ట ఉంది, కౌలుకు ఇచ్చాం. సోలార్ వాళ్ళు పాతికేళ్ళకు పైగా లీజు అడుగుతున్నారు. పడావు పడే నేల కదా, ఇస్తే తప్పా?

జవాబు: తప్పు కాదండీ. కానీ పడావు అంటున్నారు, కౌలుకు ఇచ్చామని కూడా మీరే రాశారు. అక్కడ ఒక కుటుంబం బతుకుతోంది, పంట కోశాక గొర్రెలు మేస్తున్నాయి. మీకు వచ్చే లీజు డబ్బులో వాళ్ళకు రూపాయి రాదు. ముందు కౌలుదారుతో కూర్చుని మాట్లాడండి, కనీసం రెండు పంటల గడువు ఇవ్వండి. లీజులో మాత్రం నాలుగు మాటలు పట్టుబట్టండి. పొలంలోంచి పోయే వాగును పూడ్చకూడదు, కంచె వేసినా పశువులు పోయే డొంక మూయకూడదు, పలకలు కడగడానికి ఊరి బోరు నీళ్ళు వాడకూడదు, గడువయ్యాక కాంక్రీటు దిమ్మెలు పెకలించి పోవాలి. ఈ నాలుగూ ఒప్పుకోని కంపెనీకి ఇవ్వొద్దనే నేను చెప్తాను.

ప్రశ్న: మా ఊళ్ళో పశువులు పోయే డొంకను రెండు పక్కల రైతులూ కలిపేసుకున్నారు. అరవై ఏళ్ళుగా వాడుతున్నామని అందరికీ తెలుసు. కేసు వెయ్యాలా?

జవాబు: ముందే కేసు వద్దు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి పంచాయతీలకు అప్పగించేలా పథకాలు తయారు చెయ్యమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది, ఆ తీర్పు పేరు మీ అర్జీలో రాయండి. డొంకకూ పక్క పొలాలకూ చెందిన సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్ళు తీసుకుని, కొలతకు దరఖాస్తు పెట్టండి. భూముల రీసర్వే మీ ఊళ్ళో ఇంకా పూర్తి కాకపోతే మరీ మంచిది, ఆ పటంలో డొంక డొంకగానే ఎక్కిందో లేదో చూసుకుని, ఎక్కకపోతే వెంటనే అభ్యంతరం రాసివ్వండి. కొలిచే రోజు రెండు పక్కల రైతులకూ ముందే కబురు పెట్టండి, అదే రోజు రాళ్ళు పాతించండి. గొర్రెలు కాసేవాళ్ళను తప్పకుండా వెంట పెట్టుకోండి, డొంక ఎక్కడ వంగుతుందో వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.